ఊ అన్నందుకు

జులై 3
గెలిచాను! కొత్త వీసీని ఎంపిక చేసే కమిటీలో స్టూడెంట్ మెంబర్‌ని నేనే. రూమ్మేట్ అక్క లేకపోతే నాకు పది ఓట్లు కూడా పడేవి కావు. పగలంతా కళ్లద్దాల షాపులో నిలబడి, సాయంత్రం క్లాసులకొచ్చి, మధ్యలో దొరికిన కాస్త టైములో నా కోసం ప్రచారం చేసింది. ఒక్కటే అడిగింది. ఇంజనీరింగ్ డీన్ వీసీ అయితే సాయంత్రం క్లాసులు ఎత్తేస్తాడట, ఆయన్ని మాత్రం వద్దని చెప్పమంది. అదెంత పని అన్నాను.

జులై 11
మొదటి మీటింగ్. ఆ కుర్చీలో నా కాళ్లు నేలకి అందలేదు. ఛైర్మన్ రిటైర్డ్ జడ్జి. మొదలుపెడితే ఆపడు. నా వైపు తిరిగి డీన్ గొప్పతనమంతా చెప్పుకుంటూ పోయాడు. బిల్డింగులు, ర్యాంకులు, డిసిప్లిన్. పెద్దాయన అంత ఓపిగ్గా చెబుతుంటే గుడ్లప్పగించి చూస్తే బాగోదని ఊ కొడుతూ విన్నాను. అలవాటు. ఊ కొట్టకపోతే మా తాతయ్య కథ ఆపేసేవాడు.
చివర్లో ఆయన అందరితో, స్టూడెంట్స్ కూడా డీన్‌కే ఒప్పుకున్నారు, చాలా సంతోషం అన్నాడు.
నేనెప్పుడు ఒప్పుకున్నాను? నోరు తెరిచేలోపే అందరూ టీ కప్పులు అందుకున్నారు.

జులై 12
ఏమైందని అక్క అడిగింది. ఇంకా ఏమీ తేలలేదన్నాను. అబద్ధమేం కాదు.

జులై 15
అద్దం ముందు ప్రాక్టీస్. సర్, నేను ఊ అన్నది వింటున్నానని, ఒప్పుకున్నానని కాదు. బాగానే వస్తోంది.

జులై 18
ముగ్గురు డీన్ వైపు, ముగ్గురు ఆయనకి పోటీగా ఉన్న హిస్టరీ మేడం వైపు. ఇక నేనే. మన స్టూడెంట్ మెంబర్ పోయినసారే మాటిచ్చింది, మాట మార్చే పిల్ల కాదు అని ఛైర్మన్ నవ్వాడు. అందరూ నన్నే చూస్తున్నారు. రిజిస్ట్రార్ బిస్కెట్ల ప్లేటు నా ముందుకి జరిపాడు. అంతేకదమ్మా అన్నాడు ఛైర్మన్.
ఊ అన్నాను.
మొదటిది పొరపాటు. ఇది కాదు. నా పీక మీద ఎవరూ కత్తి పెట్టలేదు. అంతమంది పెద్దవాళ్లు మంచి పిల్ల అనుకుంటుంటే ఆ పేరు పోగొట్టుకోబుద్ధి కాలేదు. అంతే. ఛీ.

జులై 19
అక్క గదికి వచ్చేలోపే లైటు ఆర్పి పడుకున్నాను.

జులై 24
డీనే వీసీ. అక్కే నన్ను ఓదార్చింది! అంతమంది పెద్దవాళ్ల మధ్య ఒక్కదానివి ఏం చేస్తావు, వద్దని చెప్పావు కదా, అది చాలు అంది. తల దించుకున్నాను. బాధపడుతున్నాననుకుని వీపు నిమిరింది. ఆ చెయ్యి తీసేయమని అరవాలనిపించింది.

సెప్టెంబర్ 2
సాయంత్రం క్లాసులు రద్దు. ఇక అన్నీ పగలే. అక్క షాపు మానేస్తే వాళ్ల ఇల్లు గడవదు. చదువే మానేస్తోంది.

సెప్టెంబర్ 5
అక్క సామాను సర్దుకుంటూ మాట్లాడుతూనే ఉంది. షాపు మేడ మీద గది ఇస్తారట. తన పుస్తకాలు నన్నే ఉంచుకోమంది. ఎంతకీ నా చప్పుడు లేకపోయేసరికి, దుప్పటి మడత పెట్టడం ఆపి, వింటున్నావా అని అడిగింది.
ఊ అనడానికి నోరు రాలేదు.