నూట ఇరవై ఎనిమిది పేజీలు

జూన్ 3, మంగళవారం

ఆయన ఆఫీసులో అబద్ధం చెప్పారు.

ఇరవై ఏడేళ్ళ కాపురంలో ఆయన అబద్ధమాడటం నేను చూడలేదు. ఆడటం చేతకాదు కూడా. చిన్న మాట దాచినా చెవులు ఎర్రబడతాయి. ఇవాళ గుమ్మంలోకి వచ్చేటప్పటికి రెండు చెవులూ కందిపోయి ఉన్నాయి.

సంగతి ఇది. ఆయన పనిచేసే ఆస్పత్రిలో పసిపిల్లల బరువును బట్టి ఎవరికి ఎంత మందు ఎక్కించాలో చెప్పే ప్రోగ్రాం ఈయన రాసిందే. పద్దెనిమిదేళ్ళ కిందటిది. ఇప్పుడు అక్కడ కంప్యూటర్లన్నీ మారుస్తున్నారు. ఆ ప్రోగ్రాం రాసిన పాత భాష కొత్తవాటిలో నడవదట. మొత్తం కొత్త భాషలో రాయాలి. మీకు వచ్చా, లేకపోతే బయటి కంపెనీకి ఇవ్వమంటారా అని పెద్ద డాక్టరుగారు అడిగారట. అబ్బే, నాకు బాగా వచ్చు అన్నారట ఈయన.

ఒక్క ముక్క రాదు. వయసు యాభై ఆరు. గడువు నలభై రోజులు.

వీడియోలు చూడటానికి ప్రయత్నించారు. వాళ్ళు మాట్లాడే వేగానికి, రైలు కదిలాక ప్లాట్‌ఫారం మీద పరిగెత్తినట్టుందన్నారు. ఆయన ఏది నేర్చుకున్నా కాగితం పుస్తకం, పెన్సిల్. మంచి పుస్తకాల షాపేమో ఆస్పత్రికి ఎదురుగానే ఉంది. అక్కడ ఈయన మొదటి పాఠం పుస్తకం తిరగేస్తూ కనబడితే సాయంత్రానికి అన్ని ఫ్లోర్లకూ తెలిసిపోతుంది. అందుకని నువ్వే వెళ్ళి తేవే అన్నారు. మిక్సీ కోసం మూడు నెలలు తిరిగినదానివి, నువ్వు ఎంచితే ఇక తిరుగుండదు అన్నారు.

నవ్వుతూనే అన్నారు. నేను నోట్‌బుక్ వెతుక్కున్నాను.

జూన్ 5, గురువారం

షాపులో గంటన్నర. మూడు పుస్తకాలు పక్కకు తీశాను.

లావుది ఆరు వందల పన్నెండు పేజీలు. సన్నది నూట ఇరవై ఎనిమిది. మూడోది పిల్లలది, పేజీకో ఏనుగు బొమ్మ. నోట్‌బుక్‌లో గళ్ళు గీసుకుని వెళ్ళాను. పేజీలు, అక్షరాల సైజు, చేసి చూసే లెక్కలు, వెనకాల జవాబులు ఉన్నాయా లేదా. ఒక్కోదానికీ నిలబడే రాసుకున్నాను. షాపాయన కాసేపు చూసి, ఏంటమ్మా, పుస్తకం వెతుకుతున్నారా, అల్లుణ్ణి వెతుకుతున్నారా అన్నాడు. అల్లుడైతే ఇంత ఆలోచించను బాబూ, నచ్చకపోతే మా అమ్మాయే తిట్టుకుంటుంది అన్నాను. మాకు అమ్మాయి లేదు. నోటికి అదే వచ్చింది.

అందరూ లావుదే తీసుకుంటారన్నాడు. సన్నది ముందే కొంత తెలిసినవాళ్ళు ఒకసారి నెమరేసుకోవడానికట.

ఈయనకు ముందే కొంత తెలుసు కదా అనుకున్నాను.

జూన్ 6, శుక్రవారం

ఆఫీసు నుంచి వచ్చాక ఆయన చదవగలిగేది నాలుగు పేజీలు. అంతకు మించితే కళ్ళు మండుతాయి. లావుది నూట యాభై మూడు రోజులు పడుతుంది. సన్నది ముప్ఫై రెండు. గడువులో ఇంకా ఐదు రోజులు మిగులుతాయి. అక్షరాలు కూడా పెద్దవి. ఏనుగు పుస్తకం ఇంటికి తెస్తే ఆయన మొహం నేను చూడలేను.

సన్నదే కొన్నాను.

జూన్ 7, శనివారం

నిద్ర సరిగా పట్టలేదు. మిక్సీ చెడిపోతే పచ్చడి పోతుంది. ఇది చెడిపోతే ఏం పోతుందో పొద్దున్న పాలు కాస్తుంటే తట్టింది. పాలు పొంగిపోయాయి.

జూన్ 12, గురువారం

ఏదైనా కొన్నాక కూడా సరైనదే కొన్నానా అని ఆరా తీయకపోతే నాకు తోచదు. అక్క దీన్ని జబ్బు అంటుంది. నువ్వు తాళి కట్టించుకున్నాక కూడా పక్క సంబంధం గురించి వాకబు చేసి ఉంటావే అంటుంది.

పక్క వీధి లైబ్రరీలో లావు పుస్తకం ఉంది. అట్ట ఊడిపోయిన పాతది. తెచ్చాను. ఆయనకు చెప్పలేదు. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు వరకు నేనే చదువుతున్నాను. సన్నదాంట్లో ఏదైనా తప్పుంటే దీంట్లో బయటపడుతుందని. ఇంగ్లీషు తేలికగానే ఉంది. లోపల విషయమే మెల్లగా దిగుతోంది.

జూన్ 20, శుక్రవారం

ఆయన యాభై ఆరో పేజీలో ఉన్నారు. లెక్క ప్రకారం సరిగ్గా ఉన్నట్టే. పళ్ళు కొరుకుతున్నారు నిద్రలో.

జులై 2, బుధవారం

లావు పుస్తకంలో నేను డెబ్భై ఒకటో పేజీకి వచ్చాను. ఒక లిస్టులో వస్తువులుంటే ఈ భాష మొదటిదాన్ని సున్నా అంటుందట. రెండోది ఒకటి. మూడోది రెండు. నాలుగుసార్లు చదివినా బుర్రకెక్కలేదు. వంటింట్లో ఆరు డబ్బాలు వరసగా పెట్టి చీటీలు అంటించాను. పంచదార సున్నా, టీపొడి ఒకటి, ఉప్పు రెండు, అలా. అప్పుడు తెలిసింది.

కింద ఒక పెట్టెలో హెచ్చరిక ఉంది. కొన్ని పాత భాషలు ఒకటి నుంచి లెక్కపెడతాయి, వాటికి అలవాటు పడినవాళ్ళు ఎక్కువగా జారిపడేది ఇక్కడేనని.

సాయంత్రం ఆయన టీ కలుపుకుంటూ చీటీలు చూశారు. ఇదేం చోద్యమే, ఎవరైనా సున్నా నుంచి లెక్కపెడతారా అని నవ్వారు. నేనూ నవ్వాను. ఆటపట్టిస్తున్నారనుకున్నాను.

జులై 9, బుధవారం

చదువుతూనే రాస్తూ వచ్చిన ప్రోగ్రాం అయిపోయిందట. ఐదు రోజులు ముందే. సోమవారం పాతదాన్నీ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టి పోల్చి చూసి, ఆ తర్వాతే వాడటం మొదలుపెడతారు. నెల తర్వాత ఇవాళ కూనిరాగం వినబడింది. చెవులు మామూలు రంగులో ఉన్నాయి.

జులై 12, శనివారం

పసిపిల్లల వార్డులో పాత కంప్యూటర్ మధ్యాహ్నం చచ్చిపోయిందట. ఆయన్ని పిలిపించి కొత్తది అక్కడ ఒక్కచోట ముందే పెట్టించారు. బాగానే నడుస్తోందన్నారు. పోల్చి చూశారా అన్నాను. చచ్చినదాంతో ఎలా పోలుస్తానే అన్నారు.

జులై 13, ఆదివారం, ఉదయం 10:10

ఆయన స్నానానికి వెళ్ళారు. ప్రోగ్రాం ప్రింట్ తీసిన కాగితాలు బల్ల మీద ఉన్నాయి. నాకు అర్థమవుతుందో లేదో చూద్దామని తీశాను. మందు టేబుల్ అర్థమైంది. బరువును బట్టి ఆరు తరగతులని ఆయనే చెప్పేవారు. కాగితం మీద ఏడు లైన్లున్నాయి. చివరి రెండు లైన్లూ ఒకటే. అంకెతో సహా.

10:50

అడిగాను. ఐదు కేజీల పిల్ల, అంటే చివరి తరగతి బరువు ఇస్తే అలాంటి లైనే లేదని ఎర్రర్ ఇచ్చిందట. చివరి లైను ఇంకోసారి వేశాను, నోరు మూసుకుంది అన్నారు. జవాబు కూడా సరిగ్గా వచ్చిందట. తక్కిన బరువులకు ఎర్రర్ రాలేదు కాబట్టి అంకెలు సోమవారం పోల్చుకోవచ్చనుకున్నారు.

ఇంటి లెక్కలో తేడా వస్తే ఎక్కడ తప్పిందో వెతుకుతాను గానీ, సరిపోయేలా ఇంకో లైను రాసెయ్యను కదండీ అన్నాను. తల తుడుచుకుంటున్నవారు ఆగిపోయారు. నువ్వా నాకు చెప్పేది, డబ్బాలకు చీటీలంటించి ప్రోగ్రామర్‌వి అయిపోయావా అన్నారు. ఆయన నాతో ఎప్పుడూ ఆ గొంతుతో మాట్లాడలేదు.

కేజీ రెండొందల గ్రాములు ఇచ్చి చూడండి, ఒక్కసారి అన్నాను.

ఇంట్లో కంప్యూటర్‌లో ఇచ్చారు. మొదటి లైను అంకె రావాలి. రెండో లైనుది వచ్చింది. ఇంకో బరువు ఇచ్చారు. మూడోది వచ్చింది. ఆయన ఒకటి నుంచి లెక్కపెట్టారు, భాషేమో సున్నా నుంచి. ప్రతి పిల్లకూ తనకన్నా బరువైన పిల్ల మందు. చివరి లైను రెండుసార్లు ఉండబట్టి ఐదు కేజీలకు మాత్రం సరిపోయింది.

కుర్చీలో కూలబడ్డారు. తువ్వాలు ఇంకా తల మీదే ఉంది.

11:15

ఆయన తయారయ్యేలోపు రాస్తున్నాను.

సన్న పుస్తకం ముందు నుంచి వెనక దాకా వెతికాను. సున్నా సంగతి ఉంది. పంతొమ్మిదో పేజీలో, ఒక బొమ్మ కింద, ఒక్క ముక్క. తెలిసినవాడికి గుర్తు చేసేలా ఉంది. తెలియనివాడి కంటికి ఆనదు. పేజీలు కొలిచాను, అక్షరాలు కొలిచాను. ఏది వదిలేశారన్న గడి నా నోట్‌బుక్‌లో గీయనే లేదు.

ఆయన చొక్కా వేసుకుంటున్నారు. ఇప్పుడే వెళ్ళి, ఎవరికీ తెలియకుండా సరిచేసి వచ్చేస్తానంటున్నారు. పది నిమిషాల పనేనట. బస్సులో నలభై నిమిషాలు. పన్నెండింటికి డోసు.

ఆరు గంటలకోసారి డోసు. నిన్న సాయంత్రం, అర్ధరాత్రి, ఇవాళ పొద్దున్న. పదకొండు పడకలు.

మీరు ప్రోగ్రాం మారుస్తారు సరే, ఎక్కిన మందును ఎవరు చూస్తారు, పిల్లల్ని కనిపెట్టుకుని ఉండాలని వాళ్ళకెలా తెలుస్తుంది అని అడిగాను. ఫోన్ చేతిలోకి తీసుకున్నారు, పెట్టేశారు. మళ్ళీ తీసుకున్నారు, పెట్టేశారు. చెబితే అన్నీ బయటపడతాయే అన్నారు. రాదని కూడా చెప్పాల్సి వస్తుంది అన్నారు. చిన్నపిల్లాడిలా.

11:40

ఫోన్ నేనే చేశాను. వార్డు సిస్టర్ ఎత్తింది. నేనెవరో చెప్పి, కంప్యూటర్ చూపించే అంకె తప్పమ్మా, పన్నెండింటి మందు ఇవ్వకండి అన్నాను. మీరు డాక్టరా అంది. కాదమ్మా, ఇంట్లో ఉంటాను అన్నాను. ఇక ఏం చెప్పాలో తోచలేదు. ఫోన్ పెట్టేస్తుందనుకున్నాను.

ఆయన నా చేతిలోంచి ఫోన్ తీసుకున్నారు. సిస్టర్, నేనే, తప్పు నాది, ఒక్కో పిల్లకీ పై తరగతి డోసు పడుతోంది, మూడు డోసులు ఎక్కాయి అన్నారు. గబగబా నడుస్తున్న చప్పుడు ఫోన్‌లోంచి నాకూ వినబడింది. అన్నీ ఆపండి అని ఎవరినో కేకేసింది. తర్వాత ఈయనతో, మీరు బయల్దేరండి సార్, పెద్ద డాక్టరుగారికి నేను చెప్తున్నా అంది.

ఆయన బయల్దేరారు. ఎడమ కాలి చెప్పు కుడి కాలికి వేసుకున్నారు. గుమ్మం దగ్గర కూర్చోబెట్టి నేనే మార్చాను.

మధ్యాహ్నం 3:30

ఫోన్ రాలేదు. రెండుసార్లు వంట చేశాను. మొదటిది ఏం చేశానో గుర్తులేదు, స్టవ్ మీద గిన్నె ఉంది.

సాయంత్రం 5:45

పదకొండు మందికీ రక్తం తీశారు. తొమ్మిది మందికి ఏమీ లేదు. ఇద్దరికి మళ్ళీ తీస్తారు. అందరిలోకీ చిన్నది ఒక పాప, కేజీ నూట ఎనభై. ఆ పాపకు ఇవ్వాల్సినదానికి ఒకటిన్నర రెట్లు పడింది. కిడ్నీల మీద పడిందా లేదా రెండు రోజులు ఆగితే గానీ తెలియదట.

ఇంత చెప్పి ఆయన పెట్టేశారు. ఆ లైను నేను పొద్దున్న చూశాను. మొదటి లైను. ఆ పిల్లదే.

జులై 14, సోమవారం

పొద్దున్న వచ్చారు. రాత్రంతా వార్డు బయటే కూర్చున్నారట. పెద్ద డాక్టరుగారికి అంతా చెప్పేశారు. భాష రాదని, నలభై రోజుల్లో నేర్చుకున్నానని, ఎర్రర్‌ను కప్పేశానని. డాక్టరుగారు అరవలేదట. ఒక్క మాట, రాదని ఆ రోజే అని ఉంటే ఆర్నెల్ల గడువు ఇచ్చేవాణ్ణి కదయ్యా అన్నారట. విచారణ తేలేదాకా ఆఫీసుకు రావద్దన్నారు. వార్డులో గోడకు పాత కాగితం చార్టు అంటించి, దాన్ని చూసే మందు ఇస్తున్నారు.

ఆ పాప తల్లి ఈయన పక్కనే కూర్చుందట. మీరు డాక్టరా సార్ అని అడిగిందట. కాదమ్మా అన్నారట. మీ పాప కూడా లోపలుందా అని అడిగి, తన దగ్గరున్న దుప్పటి ఇచ్చి, చలిగా ఉంది కప్పుకోండి అందట.

కప్పుకున్నారా అని అడిగాను. గోడ వైపు తిరిగి పడుకున్నారు. చాలాసేపటికి వీపు కదలడం చూశాను.

జులై 15, మంగళవారం

రెండో పిల్లాడికి బాగానే ఉంది. పాప సంగతి ఇంకా తెలియదు. ఇద్దరం బల్ల దగ్గర ఎదురెదురుగా కూర్చున్నాం. టీ చల్లారిపోయింది. పుస్తకం నేను ఎంచాను అన్నాను. రాసింది నేను అన్నారు. ఫోన్ మోగినప్పుడల్లా ఇద్దరం దాన్ని చూస్తాం, ఇద్దరం ఎత్తం. మూడుసార్లూ అక్కే. నాలుగోసారి ఎత్తితే, ఏమే, బతికున్నారా అంది. దానికి తెలియక అంది. ఫోన్ పెట్టేశాను.

జులై 16, బుధవారం

పొద్దున్న పదకొండింటికి వార్డు సిస్టర్ చేసింది. పాప కిడ్నీలు బాగున్నాయి. ఇరవై మిల్లీలీటర్లు పాలు తాగింది.

పెట్టేస్తుందనుకుంటే పెట్టలేదు. మేం ఏడుగురం సిస్టర్లమండీ, అర్థంకాని అంకెను ఇకమీద సూదిలోకి ఎక్కించం, ఆ భాష మేమూ నేర్చుకోవాలి, తప్పు కనిపెట్టింది మీరేనట కదా, ఏ పుస్తకం కొనమంటారు అంది.

లావు పుస్తకం పేరు నాలుక చివరి దాకా వచ్చింది. చెప్పలేకపోయాను. నేనే వస్తాను, పక్కన కూర్చుని చదువుదాం అన్నాను.

ఆయన లోపలి గదిలోంచి వచ్చారు. పాప బాగుంది అన్నాను ముందు. కళ్ళు తుడుచుకున్నారు. మరి ఇంతసేపు దేని గురించి అన్నారు.

నా గురించి అన్నాను.