జూలైలో ఊలు

మాడ్రిడ్,
శుక్రవారం.

హెర్మినియాకి, కసిల్దా ప్రేమగా రాసేది.

ఈ ఉత్తరం నీకు ఎల్విరా గొంతులో వినిపిస్తుందని తెలుసు. ఎల్విరా, అమ్మకి నెమ్మదిగా చదివి పెట్టమ్మా. నా రాత కుదురుగా ఉండదు.

ఏటా లాగే ఈసారీ మన కొట్లోకి ఊలు చూడటానికి మాడ్రిడ్ వచ్చాను. సోరియా బస్సులో నీ సీట్లో ఎవరో సైనికుడు కూర్చుని దారంతా నిద్రపోయాడు. లాడ్జీ నడిపే పురిఫికసియోన్ గారు నన్ను చూసి, నా వెనక్కి చూసి, రెండో ఆవిడ ఏరీ అని అడిగారు. చూపు పోయింది, కూతురు హిహోన్ తీసుకెళ్ళింది అన్నాను. పాపం అంటూనే వీధివైపు గది తాళంచెవి మళ్ళీ మేకుకి తగిలించేసి, వెనకవైపు ఒంటిమంచం గదిది ఇచ్చారు. కిటికీ తీస్తే ఎదురు గోడ, దాని మీద ఆరేసిన దుప్పట్లు.

ఊళ్ళో ప్రైడ్ వారం, అదే ఆ స్వలింగ ప్రేమికుల పండగ, నడుస్తోంది. ప్రతి బాల్కనీకీ ఇంద్రధనుస్సు జెండానే. నిన్న చ్వేకా పేటలో ఒక సందులో మగవాళ్ళు ఎత్తుమడమల చెప్పులేసుకుని పరుగుపందెం పెట్టుకున్నారు. ఒకడు బోర్లా పడి, చెప్పు చేత్తో పట్టుకుని, నవ్వుతూ కుంటుకుంటూ వెళ్ళి గీత దాటాడు. నీకేదో చెప్పబోయి పక్కకి తిరిగాను.

కలమారీ వేపుడు పెట్టిన రొట్టె కొన్నాను. సగం తిని, మిగతా సగం చేత్తో పట్టుకుని చాలా దూరం నడిచాను. అలవాటు.

రేపు ఊరేగింపట, దారులన్నీ మూసేస్తారట. గది కదలను. కళ్ళలో మందు వేళకి వేయించుకో.

నీ స్నేహితురాలు,
కసిల్దా


మాడ్రిడ్,
ఆదివారం.

హెర్మీ,

గది కదలనన్నాను, ఉండలేకపోయాను.

ఎల్విరా, ఇక్కడ నీతో ఒక్క మాట. ఇక్కడినుంచి రాసేది నీకు కష్టంగా ఉండొచ్చు. పైకి చదవలేకపోతే మడిచి పక్కన పెట్టెయ్యి, నేనేమీ అనుకోను. మా కొట్టుకి చలికాలం సరుకు వసంతంలోనే లారీలో వచ్చేస్తుంది. ఏ జూలైలోనూ మేము మాడ్రిడ్‌కి ఊలు కోసం రాలేదు. ఈ పండగ కోసమే వచ్చాం. ఏడాదిలో ఆ నాలుగు రోజులే మీ అమ్మా నేనూ వీధిలో చేతులు పట్టుకుని నడిచేవాళ్ళం. మీ నాన్న పోయాక అమ్మ మా మేడ మీదికి అద్దెకి వచ్చింది చూడు, ఆ మరుసటి ఏడాదినుంచి అక్కడ మేమిద్దరం వాడింది ఒక్క గదే.

రాసేశాను. ఇక నీతోనే మాట్లాడతాను హెర్మీ.

నిన్న సాయంత్రం అతోచా స్టేషన్ దగ్గర జనంలో నిలబడ్డాను. మనం ఎప్పుడూ నిలబడే చోటే, మందుల షాపు నీడలో. ఎండకి తారు మెత్తబడింది. బుగ్గలకి మెరుపులద్దుకున్న ఒక అమ్మాయి నా మోచెయ్యి పట్టుకుని, "అవ్వా, మనవడి కోసం వచ్చారా?" అంది. అవునన్నాను. ఎందుకన్నానో ఇప్పటికీ తెలీదు. ముసలిదాన్ని ఒంటరిగా చూసి తనే ఒక జవాబు సిద్ధం చేసి ఇచ్చింది, నేను పుచ్చుకున్నాను. అంతే, ఆ అమ్మాయీ స్నేహితులూ అట్టముక్క మీద "నా మనవడంటే నాకు గర్వం" అని రాసి నా మెళ్ళో వేశారు. ఊరేగింపు బండ్ల మీద నిలబడ్డవాళ్ళు నాకు ముద్దులు విసిరారు. ముక్కూమొహం తెలియనివాళ్ళు ఫోటోలు దిగారు. గడ్డం పెంచుకున్న ఒకాయన, ముప్ఫై ఏళ్ళుంటాయి, ఆ అట్ట చదివి నా భుజం మీద తల పెట్టి ఏడ్చాడు. వాళ్ళ అవ్వ అతని మొహం చూడదట. నేనతని జుట్టు నిమురుతూ నిలబడ్డాను. అబద్ధమని అప్పుడెలా చెప్పను? నా జీవితంలో అంతమంది నా కోసం చప్పట్లు కొట్టలేదు హెర్మీ. వాటిలో ఒక్కటీ నాకు కాదు.

ఇక నిలబడలేక ఒక బ్యాంకు మెట్ల మీద కూలబడ్డాను. అక్కడ నీలం తళుకుల గౌను వేసుకున్న పెద్దాయన చెప్పులు విప్పేసి పాదాలు పిసుక్కుంటున్నాడు. బాసిలియో అట, కాదిస్‌లో జుట్టు కత్తిరించేవాడట. నా మెళ్ళో అట్ట చదివాడు.

"ఏడీ ఆ మనవడు, నన్నూ చూడనీ."

"లేడు."

"అనుకున్నాలే. మరి ఎవరున్నారు?"

నీ పేరు చెప్పాను. నా మనిషి అన్నాను. ఆ మాట పైకి అనడం ఇదే మొదటిసారి. ఇన్నేళ్ళూ నువ్వు పక్కనే ఉండేదానివి, అనాల్సిన పనేముంది. పోయిందా అని మెల్లగా అడిగాడు. లేదు, హిహోన్‌లో ఉంది అన్నాను.

"ఓసి పిచ్చిమొహమా, బతికున్న మనిషికా ఈ ఏడుపు మొహం? బస్సుల్లేవా హిహోన్‌కి?"

కూతురికి తెలీదన్నాను. తెలీదని ఆ పిల్ల నీతో అన్నదా అని అడిగాడు. అప్పుడు నాకు నువ్వు ఎల్విరా కారు ఎక్కి వెళ్ళిన రోజు గుర్తొచ్చింది. నీ పెట్టె నేనే మెట్లు దింపాను. నువ్వు నా వైపు కాక గోడ వైపు మొహం పెట్టి, "ఎల్విరా, ఇంటావిడకి థాంక్స్ చెప్పు. ఇన్నాళ్ళూ బాగా చూసుకుంది" అన్నావు. చూపు లేక అటు తిరిగావో, కావాలనే తిరిగావో తెలీదు. ఆ పిల్ల థాంక్స్ చెప్పింది. నేను పరవాలేదన్నాను. ఆ రోజు మధ్యాహ్నం కొట్టు తెరవలేదు.

బాసిలియో నా మెళ్ళో అట్ట తిరగేసి, తన లిప్‌స్టిక్ అరగదీసి నేను చెప్పింది రాశాడు: "హెర్మినియా నాది." అది వేసుకుని కొలోన్ కూడలి దాకా నడిచాను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు, ఎవరూ ఫోటో అడగలేదు. ఎవరికి తెలుసు ఆ పేరు? ఎండకి జనం చల్లబడాలని ఎవరో బాల్కనీలోంచి బకెట్టెడు నీళ్ళు కుమ్మరిస్తే, తడిసిన అట్ట ముడుచుకుని అక్షరాల ఎరుపు నా తెల్ల చొక్కా అంతా పూసుకుంది. అలాగే నడిచాను. అంత జనంలో అంత ఒంటరిగా ఎప్పుడూ లేను. కానీ ఆ ఒంటరితనమైనా నాదే, ఇంకొకరి మనవడిది కాదు.

రేపు పొద్దున బస్సుకి సోరియా వెళ్ళిపోతున్నాను. నువ్వు జవాబివ్వకపోతే ఇక రాయను. అదీ చెబుదామనే రాశాను.

కసిల్దా


హిహోన్,
గురువారం.

కసిల్దా పిన్నీ,

నేను ఆపలేదు. ఆపమని మీరు రాసిన చోటు అమ్మకి చదివాను, తర్వాతదీ చదివాను. మధ్యలో ఒకచోట అదే లైను రెండుసార్లు చదివాను. అమ్మ, "నీళ్ళు తాగి చదువు" అంది, అంతే.

మీ మీద నాకు బాగా కోపం వచ్చింది, దాచను. మీరేంటో తెలిసి కాదు. అది నాకు కాలేజీ రోజుల్లోనే అర్థమైంది. సెలవులకి వచ్చినప్పుడు అమ్మ గదేనని చెప్పి నన్ను రెండో గదిలో పడుకోబెట్టేవారు, ఎవరూ వాడనట్టు ఆ దుప్పట్లలో ఎప్పుడూ నాఫ్తలీన్ ఉండల వాసనే. ఎప్పటికైనా మీరే చెబుతారని చూశాను. ఇన్నేళ్ళు నా ముందు అలా నాటకమాడారే, నేను అంత పరాయిదాన్నా అని రెండు రోజులు అమ్మతో మాట్లాడలేదు. అమ్మకి చూపు లేదు కదా, మొహం మాడ్చుకున్నా తెలీదు, అందుకని గిన్నెలు ఎత్తెత్తి పడేశాను. మూడో రోజు తనే వంటింట్లోకి తడుముకుంటూ వచ్చి, "భయమేసింది. నేను నీకు భారం, పైగా ఇది కూడానా అనుకున్నాను. అందుకే ఆ రోజు ఆవిడ వైపు తిరగలేకపోయాను" అంది. ఇంటావిడ అని ఎందుకన్నావు అని అడిగాను. "ఇంట్లో ఆవిడే కదా, అబద్ధమేముంది" అని, నవ్వబోయి ఏడ్చింది.

ఇక్కడ అమ్మ బాగాలేదు పిన్నీ. నేను చూసుకోక కాదు. పొద్దున్నే కుర్చీలో కూర్చుంటుంది, నేను ఆఫీసునుంచి వచ్చేసరికి అదే కుర్చీలో ఉంటుంది. గోడలు తెలీవు, తలుపులు తెలీవు. నన్ను పిలవకుండా లేవదు.

శనివారం అమ్మని కారులో తీసుకొస్తున్నాను, మీ దగ్గర వదిలి వెళ్ళడానికి. మీకు ఇష్టమేనా అని అడుగుతానన్నాను, అమ్మ అడగనివ్వడం లేదు. దానికి బదులు ఇది రాయమంటోంది, అన్నది అన్నట్టు రాస్తున్నాను:

"కసిల్దా, గదిలో ఏదీ జరపకు. బీరువా, కుర్చీ, నీ చెప్పులు, అన్నీ ఎక్కడివక్కడే ఉండనీ. ఆ ఇంట్లో నాకు కళ్ళు అక్కర్లేదు."

మీ
ఎల్విరా