తూర్పు వాలు

ప్రియమైన అక్కకు,

ఫోన్ చేస్తే ఎత్తవని తెలిసే రాస్తున్నాను. బావ చెయ్యి ఎలా ఉంది?

చలికాలంలో కొండ మీద ఎండుటాకులు మా అటవీశాఖ వాళ్లమే చిన్న మంటతో కాల్చేస్తే, ఎండాకాలంలో పెద్ద మంట రాదని నీకు ఎన్నిసార్లు చెప్పానో. పెద్ద మంట వస్తే చెట్లు ఇన్నేళ్లూ దాచుకున్న కర్బనమంతా పొగైపోతుందని, ఎండలు ఇంకా ముదురుతాయని అన్నం దగ్గర కూడా ఉపన్యాసాలు దంచేవాణ్ణి. పడమటి వాలు మీద అదే పని చేస్తూ కింద ఉన్న నీ నిమ్మతోట తగలబెట్టాను.

మా ముఠాలో ఒకతను ముందే అన్నాడు. "సార్, గాలి తిరుగుతోంది. ఆపేద్దామా?"

"ఈ కాస్తా అయిపోనీ," అన్నాను.

బావ తడిగోనెతో మంటను బాదుతూ నన్ను చూశాడు. తిట్టినా బాగుండేది.

నీ తమ్ముడు

*

తమ్ముడికి,

తోటలో కొండ వైపు చెట్లు సగం పోయాయి. మీ బావ చెయ్యి మానుతోంది, వేళ్లు మాత్రం ఇంకా పూర్తిగా ముడవడం లేదు. నీ మీద కోపం లేదంటున్నాడు. నాకుంది.

తూర్పు వాలు కూడా కాలుస్తారని ఆ కింద ఇల్లున్న టీచరమ్మ చెప్పింది. మంచిదేగా అని ఆవిడ సంతోషపడుతోంది. నాకు మాత్రం భయంగా ఉంది. పొగ వాసన వస్తే చాలు, ఈయన మంచం మీంచి లేచి కూర్చుంటున్నాడు. నా మీద ఏ కాస్త ప్రేమ ఉన్నా ఈ ఏడు ఆ వాలు జోలికి వెళ్లకు.

అక్క

*

ప్రియమైన అక్కకు,

నువ్వు అడిగినట్టే తూర్పు వాలు వదిలేశాం. ఆకులు ఇంకా పచ్చిగా ఉన్నాయని మా అధికారికి చెప్పాను. నిజానికి కాలు పెడితే కరకరలాడుతున్నాయి. నీ మాట విన్నానన్న తృప్తి ఉండాలి కదా, అదీ లేదు.

నర్సరీకి మార్పించుకున్నాను. సంచుల్లో మట్టి నింపుతుంటే పాత ముఠావాళ్లు, "ఏం సార్, నిప్పు వదిలి నీళ్లు పట్టుకున్నారా?" అని ఆటపట్టిస్తున్నారు. వాళ్లతో పాటు నేనూ నవ్వుతున్నాను.

ఎండలు చూస్తే భయంగా ఉంది. ఇంటి వెనక ఆకులు దూరంగా ఊడ్పించుకోమని టీచరమ్మగారికి చెప్పు. ఎందుకో మాత్రం చెప్పకు.

నీ తమ్ముడు

*

ప్రియమైన చిన్నోడా,

మేం క్షేమం. ఈపాటికి నీకు కబురు తెలిసే ఉంటుంది, అయినా నా నోటితో చెప్పాలి. వాన లేని పిడుగు పడి తూర్పు వాలు అంటుకుంది. సాయంత్రానికి కొండంతా పాకింది. పడమట నువ్వు కాల్చిన మేర మంటకి తినడానికేమీ దొరకలేదు. మన కంచె దాకా వచ్చి చల్లారిపోయింది. మిగిలిన చెట్లు నిలబడ్డాయి, ఇల్లు నిలబడింది. టీచరమ్మ ఇల్లు నిలబడలేదు. కట్టుబట్టలతో బయటపడింది.

ఆకులు ఊడ్పించుకోమని నేను ఆవిడకి చెప్పలేదురా. రెండుసార్లు వాళ్ల గుమ్మం దాకా వెళ్లాను. ఎందుకని అడిగితే ఏం చెప్పాలో తోచక కబుర్లాడి వచ్చేశాను.

ఇప్పుడు బడిలోనే ఒక గది సర్దుకుని ఉంటోంది. అన్నం తీసుకెళ్తే అడిగింది, "మీ తమ్ముడు వాళ్లు ఈ ఏడు మా వైపెందుకు రాలేదమ్మా?" అని. ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. చెప్పలేకపోయాను. వద్దన్నది నేనేనని చెప్పాను. నువ్వు అబద్ధమాడింది నా కోసమేనని కూడా చెప్పేశాను. నీ ఉద్యోగానికి ఏమవుతుందో ఆ క్షణం ఆలోచించలేదు.

ఆవిడ క్యారేజీ మూత పెట్టేసింది. ఆ రోజు తినలేదు. తర్వాత కూడా రోజూ తీసుకెళ్తున్నాను, తీసుకుంటుంది, కడిగి తలుపు దగ్గరే తిరిగిస్తుంది. నిన్న గుమ్మం దిగుతుంటే వెనక నుంచి అంది: "మీ తమ్ముణ్ణి రమ్మను. ఆకులు పచ్చిగా ఉన్నాయన్న మాట నా ఎదురుగా నిలబడి చెప్పమను."

రా నాన్నా. తిన్నగా బడికే వెళ్దాం. నువ్వు తడబడితే మిగతాది నేను చెబుతాను.

నీ అక్క