పాస్‌వర్డ్ తప్పు కాదక్కా

షమీమక్కా,

ఎట్లా ఉన్నావని అడగలేను. అడగకుండా మొదలుపెట్టనూ లేను. నువ్వు పోయి ఏడాది దాటింది. అమ్మ కోలుకుంటోంది. నేను రోజూ పెనుకొండ నుంచి రైల్లో హిందూపురం పోయి వస్తున్నాను... అక్కడ ఆడపిల్లల కాలేజీలో కంప్యూటర్ ల్యాబు ఇప్పుడు నా చేతిలోనే ఉంది. ఎప్పుడైనా అనుకున్నావా?

నిన్న జరిగింది నీకే చెప్పాలి.

డిగ్రీ చివరి ఏడాది పిల్లలకు ప్రాక్టికల్ పరీక్ష. అనంతపురం నుంచి పరీక్ష పెట్టే సారు వచ్చి కూర్చున్నారు. పిల్లలు పేరు, పాస్‌వర్డ్ కొట్టారు. తెర ఒక్కసారి నల్లబడి, మళ్ళీ పేరు అడిగే చోటికే వచ్చింది. ఏ కంప్యూటర్ చూసినా అంతే. నల్లమాడ నుంచి వచ్చి హాస్టల్లో చదువుకుంటున్న రమాదేవి కొట్టిందే కొట్టింది. ఏడాదంతా కష్టపడి చేసిన ప్రాజెక్టు లోపలే ఉంది మరి.

కంప్యూటర్లు అమ్మినతనికి ఫోన్ చేస్తే, సర్వర్‌తో సహా అంతా తుడిచేసి కొత్తగా ఎక్కించాలన్నాడు. ప్రిన్సిపాల్ మేడమ్ సరే అనబోయారు. నేను వద్దన్నాను. ఆ మాట అన్నది నేనేనా?

నువ్వు ధర్మవరంలో నేర్చుకుని వచ్చి, పెనుకొండలో మన చిన్న కంప్యూటర్ సెంటర్లో నాకు నేర్పిన రోజులు... తెర మీద బొమ్మ రాలేదని నేను బెదిరితే అనేదానివి: "బొమ్మ రాకపోతే మిషన్ సచ్చిపోయినట్లా? యాడ ఆగిపోయిందో దాన్నే అడుగు పాపా. తుడిచేసేది ఎవురికైనా వస్తాది."

అడిగాను అక్కా. పాస్‌వర్డ్ తప్పయితే తప్పని చెప్పాలి కదా, చెప్పడం లేదు. అంటే ఒప్పుకుంటోంది, ఆ తర్వాతే ఎక్కడో పడిపోతోంది. బొమ్మలు లేకుండా అక్షరాలు మాత్రమే కనిపించే నల్లతెరకు వెళ్ళి, అక్కడ రమాదేవి చేత పేరు, పాస్‌వర్డ్ కొట్టించాను. లోపలికి వెళ్ళింది! ప్రాజెక్టు భద్రంగా ఉంది. ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుని వదల్లేదు.

ఇక లోపం వెతకాలి. అందరి ఫైళ్ళూ ఉండే సర్వర్లో చూస్తే డిస్కు నిండిపోయింది, పిసరంత చోటు లేదు. డెస్క్‌టాప్ తెరవాలంటే అక్కడ చిన్న ఫైలొకటి రాసుకోవాలి. రాసుకునే చోటు లేక పిల్లల్ని బయటికి తోసేస్తోంది. నింపిందేమిటో తెలుసా? ప్రింటర్ చెడిపోయి, వారాల తరబడి పేరుకుపోయిన ఎర్రర్ సందేశాలు. వాటిని మాత్రమే చెరిపాను. పిల్లల ఫైలు ఒక్కటీ తాకలేదు.

రమాదేవిని మళ్ళీ కొట్టమన్నాను. తెర నల్లబడింది... డెస్క్‌టాప్ వచ్చింది! తర్వాత అన్నిటిలోనూ వచ్చింది. పిల్లలు చప్పట్లు కొడుతుంటే పరీక్ష సారు కూడా నవ్వేశారు.

పరీక్ష అయ్యాక రమాదేవి అడిగింది: "ఇదంతా మీకు ఎవురు నేర్పిచ్చినారు మేడమ్?"

"మా యక్క" అన్నాను, ల్యాబంతా వినిపించేలా.

"ఆయమ్మ యాడుంటాది?"

"పెనుకొండలో" అన్నాను. నిన్ను పడుకోబెట్టిన మట్టి అక్కడే ఉంది, అబద్ధం కాదు కదా అక్కా?

ఆదివారం నుంచి ఈ పిల్లలకు నల్లతెర పాఠం మొదలుపెడుతున్నాను. నీ పేరు చెప్పే మొదలుపెడతాను.

నీ చెల్లెలు,
నసీమ