కొంగ గొంతు

అమ్మా, నా కళ్ళు నిక్షేపంగా ఉన్నాయి. ముసుగు లేకుండా వెల్డింగ్ జోలికి పోవడం లేదు, నీ మీద ఒట్టు.

మా టీచరమ్మ తుక్కు ఇనుముతో చేసిన కొంగని మొన్న హాల్లో ప్రదర్శనకు పెట్టారు. రెక్కలకి చెంచాలు, ముక్కుకి కత్తెర, మెడ తిరగడానికి పాత తలుపు బందు. తిప్పితే కిర్రుమంటోందని, జనం వచ్చేలోపు నేను నూనె డబ్బా తీశాను. ఆవిడ నా చెయ్యి పట్టేసుకుని, "ఆగవే తల్లీ, దాని గొంతు నొక్కేస్తావా?" అన్నారు. నిజమేనమ్మా! చూడ్డానికొచ్చిన ఒకావిడ దాని మెడ తిప్పగానే కొంగ అరిచింది, హాలంతా ఇటు తిరిగింది. తుప్పులో గొంతు వినే మనిషిని ఇదే చూడ్డం.

ఇప్పుడు నన్ను సొంతంగా ఒకటి చెయ్యమన్నారు. బాతు చేస్తున్నాను. ఒళ్ళంతా కుదిరింది, గొంతే లేదు. మన గేటు పైబందు విప్పించి పంపు. నూనె చుక్క తగలనివ్వకు, తుప్పు గోకకు. వంటింటి కుళాయి కారడం ఆగిందా? తమ్ముడికి జ్వరం తగ్గిందా?

గేటుకి కొత్త బందు వేయించు. అది చప్పుడు చెయ్యదు. ఇన్నాళ్ళూ ఆ కిర్రు వినే కదా నువ్వు నాన్నకి టీ పెట్టేది. అందుకని ఆయనకి నా దణ్ణాలు చెప్పి, ఇకమీదట గేటు తియ్యగానే ఓసారి గట్టిగా దగ్గమను.

నీ పెద్దది