అమాస నాటి బండి

నారాయణఖేడ్,
అలిగిన బతుకమ్మ నాడు.

నర్సింగ్ నాయనకు,

శంకరమ్మ దండం పెట్టి రాసే సంగతులు. ఇక్కడ నేను, ఇల్లు, చేన్లో కంది, అందరం బాగున్నాం. పటాన్‌చెరులో నువ్వూ నీ మోకాళ్లూ బాగున్నారని అనుకుంటున్నాను. పోయిన ఉత్తరాలన్నీ నేను చెబుతుంటే పక్కింటి గ్రేసమ్మ రాసింది. ఇది మాత్రం నా చేత్తో నేనే రాస్తున్నాను. దీంతో సగం సంగతి నీకు తెలిసిపోయే ఉంటుంది. మిగతా సగం కోసం కొంచెం ఓపిక పట్టు. డాక్టర్ కన్ను అలవనియ్యొద్దన్నాడు, అందుకని పొద్దున ఇంత, మాపు ఇంత రాస్తున్నాను. వరుసలు వంకర పోతే నవ్వకు.

ఫోన్ చేసి చెప్పొచ్చు కదా అంటావు. ఆ ఫ్యాక్టరీ గేటు దగ్గర లారీల మోతలో నీ చెవికి నా మాట ఎక్కదు. నేను అరవాలి, నువ్వు అరవాలి, వాడంతా వినాలి. ఇది అరిచి చెప్పే సంగతి కాదు.

మొన్న వచ్చిన ఉత్తరంలో నువ్వడిగిన వాటికి ముందు జవాబులు. కంది నడుము దాకా వచ్చింది, ఇంకా పూతకు రాలేదు. మొన్నటి వానకు వంటింటి మూల కురిసింది. నీ కొడుకు నర్సింగ్, లారీ నాగపూర్ నుంచి వచ్చాక రేకు మారుస్తానన్నాడు. వాడు అన్నాడు, నేను విన్నాను, అంతే. నీ దుప్పటి ఉతికి పెట్టాను. బర్రెను అమ్మొద్దని రాశావు, అమ్మను. చివర ఇంకొకటి అడిగావు. దానికి జవాబు కూడా చివరే రాస్తాను.

కంటి సంగతి. నీకు తెలిసిందే, కుడి కన్ను ఇగ లాభం లేదని ఎండాకాలంలోనే చెప్పారు. ఎడమ కంట్లో కూడా పొర ముదిరిపోతోంది, జల్దీ ఆపరేషన్ చేయించుకోకపోతే ఆ కన్నూ పోతుందన్నారు. కానీ చేయించుకోవడానికి ముందు దవాఖానకు చేరాలి కదా. దవాఖాన బండి పదిహేను రోజులకొకసారి మన బస్టాండుకు వస్తుంది. మొదటిసారి పోతే కంగ్టి నుంచే నిండిపోయి వచ్చింది. ముసలోళ్లు ఒకరి ఒళ్లో ఒకరు కూర్చున్నారు, నాకు కాలు పెట్టే జాగా లేదు. రెండోసారి ఎక్కాను, పోయాను, సూది గుచ్చి చూసి షుగర్ ఎక్కువుందని పంపించారు. ఇంకోసారి పొద్దంతా బెంచీ మీద కూర్చోబెట్టి, మధ్యాహ్నం దాటాక, ఆపరేషన్ చేసే డాక్టర్ రాలేదన్నారు. ఆ మాట పొద్దున చెబితే ఏం పోయేదో. బస్సులో నిలబడి ఇంటికొచ్చాను.

ఆ రోజు బస్టాండులో మాతో ఉన్న కల్హేర్ ముసలామె పుష్పమ్మ, బాలింతలను ఇంటి దాకా దింపే సర్కారు బండి పోతుంటే చూసి, "మనం గూడ కడుపుతోని ఉంటే ఇంటి ముంగట దింపుతుండె గద," అన్నది. అంత బాధలోనూ నవ్వొచ్చింది. నవ్వీ నవ్వీ అందరం కళ్లు తుడుచుకున్నాం.

ఆ తర్వాతి సారి గ్రేసమ్మను తోడు తీసుకుపోయాను. షుగర్ సరిగ్గా ఉంది, డాక్టర్ ఉన్నాడు. అయితే సిస్టర్, "ఈమె నీకేమైతది?" అని అడిగింది. గ్రేసమ్మ సంగతి నీకు తెలుసు కదా, అబద్ధం ఆడదు. "పక్కింటిదాన్ని," అన్నది. "పక్కింటోల్లు నడువరు. సొంత మనిషే గావాలె," అని వెనక్కి పంపించారు. నా కన్ను తన నోటి వల్లనే ఆగిందని గ్రేసమ్మ దారి పొడుగునా కుమిలిపోయింది.

బండి నడిపే దత్తు మంచోడు. దింపేటప్పుడు నా చెయ్యి పట్టుకొని అన్నాడు, "అవ్వా, నువ్వు అమాస బండికి రా. అమాస నాడు కన్ను కోపిచ్చుకునేటందుకు ఒక్కరు రారు. బండి ఖాళీనే పోతది, ఖాళీనే వస్తది. డాక్టర్లు గూడ ఊకెనే కూసుంటరు."

నిజమే. మనవాళ్లెవరు అమాస నాడు గడప దాటి కత్తి కిందికి పోతారు? అట్లా పోయేది గ్రేసమ్మ వాళ్ల చర్చివాళ్లే. గ్రేసమ్మ కన్ను కూడా పోయినేడు అమాస నాడే అయింది, పొద్దున పోయి మరునాటికి వచ్చేసింది. అప్పుడు నేను ఆమెను ఎన్ని మాటలన్నానో. ఇప్పుడు నా వంతు వచ్చింది. ఆ వచ్చే అమాస ఏదో లెక్క చూస్తే పెత్రమాస. పెద్దలు మన ఇళ్లకొచ్చే రోజు.

అదే వారం నీ ఉత్తరం వచ్చింది. గ్రేసమ్మ చదివి వినిపించింది. సెలవు దొరకలేదని, అమ్మ పేరు మీద అయ్యగారికి బియ్యమిచ్చి, ఆకు వేసి, ఆమెకు ఇష్టమైన గారెలు పెట్టమని, అమ్మ ఆకలితో తిరిగిపోవద్దని రాశావు. గ్రేసమ్మ ఆ మాట చదివి ఉత్తరం మడిచి నా చేతిలో పెట్టింది.

అత్త చివరి రోజులు నీకు గుర్తుండే ఉంటాయి. మసక మసకగా మొదలై, రేపు తీసుకుపోదాం, సోయా కోశాక తీసుకుపోదాం, ఎవరిదన్నా జీపు దొరికితే తీసుకుపోదాం అనుకుంటూ ఉండగానే ఆమెకు చీకటైపోయింది. గోడ పట్టుకొని నడిచేది. నా అడుగుల చప్పుడు వింటే ముఖం ఇటు తిప్పి నవ్వేది. ఆ నవ్వు నాకు భయం. నన్ను కూడా అట్లా గోడ వెంట నడవమంటావా? నేను బాగా ఆలోచించాను. పోవాలనే అనుకున్నాను. నీకు చెప్పలేదు, చెబితే వద్దంటావని తెలుసు.

అమాస నాడు తెల్లారక ముందే లేచి స్నానం చేసి గారెలు కాల్చాను. పప్పు, చింతపండు పులిహోర చేశాను. పొద్దెక్కితే గాని అయ్యగారు రాడు. బియ్యమియ్యకుండా ఆకు వేయకూడదు. బండేమో ఆగదు. వండిందంతా టిఫిన్ డబ్బాలో సర్దుకొని, పటం ముందు దండం పెట్టి బయటికొచ్చాను.

బండిలో దత్తు, నేను, గ్రేసమ్మ. వెనుక సీట్లో వాళ్ల చర్చి పెద్దమనిషి హనోకు తువ్వాల కప్పుకొని నిద్రపోతున్నాడు. అంత పెద్ద బండి, అన్నీ ఖాళీ సీట్లు. ఊరు దాటాక మంచు దిగింది. నా కంటికి ఏడాదిగా ఎటు చూసినా పాలు పోసినట్టే ఉండేది. ఆ పొద్దు మంచు ఏదో, నా కంటి పొర ఏదో నాకే తెలియలేదు. జొన్న చేలు వచ్చాయో, పోయాయో. గ్రేసమ్మ మెల్లగా వాళ్ల పాట ఏదో కూనిరాగం తీస్తోంది. బండి ఊయల లాగా ఊగుతోంది. నిద్రా కాదు, మెలకువా కాదు.

ఎట్లా చెప్పాలో తెలియదు కానీ, ఆ సీట్లు ఖాళీగా ఉన్నట్టు అనిపించలేదు. ఆ రోజు పెద్దలు దిగొస్తారు కదా. ఎన్నడో దవాఖానకని బయలుదేరి, బండి దొరక్క, బస్సు రాక, వెనక్కి మళ్లిన ముసలోళ్లంతా ఇవాళ జాగా దొరికిందని నెమ్మదిగా ఎక్కి కూర్చున్నారనిపించింది. చీరలు సర్దుకుంటున్న చప్పుడు, ముక్కుపొడి వాసన. కిటికీ పక్కన అత్త. నేను కొంచెం ఇటు జరిగి చోటిచ్చాను. భయం వేయలేదు. నా భుజానికి భుజం తగిలినట్టయి, వెచ్చగా ఉంది.

దవాఖానలో దత్తు చెప్పినట్టే ఎవ్వరూ లేరు. బెంచీలన్నీ ఖాళీ. నేనింకా ఆ మంచులోనే ఉన్నాను. ఆ రోజు వేరే సిస్టర్ ఉంది, కాగితాలు చూసి, "ఎంబడి ఎవరొచ్చిన్రు?" అని అడిగింది.

"మా అత్త," అన్నాను.

నేను కావాలని అనలేదు. నా మాట నాకే వినిపించి ఉలిక్కిపడ్డాను. సిస్టర్ అటూ ఇటూ చూసి, "ఏది, యాడున్నది?" అన్నది. ఇగ అయిపోయింది, మళ్లీ వెనక్కే అనుకున్నాను. అప్పుడు నా వెనుక నుంచి గ్రేసమ్మ గొంతు.

"గీడనే ఉన్న. నేనే."

"నువ్వు అత్తవా? ఇద్దరు ఒక్క ఈడోళ్ల లెక్క కొడుతున్నరు."

"మా కాలంల పెండ్లిళ్లు జల్దీ అయితుండె బిడ్డా," అన్నది గ్రేసమ్మ.

సిస్టర్ నవ్విందో, నమ్మిందో తెలియదు. రాసుకొని లోపలికి తీసుకుపోయింది. ఎన్నడూ అబద్ధమాడని మనిషి నా కోసం ఆ మాటన్నది. తర్వాత అడిగితే, "ఆదివారం దేవుని ముంగట ఒప్పుకుంట తియ్. కన్నుకంటె ఎక్కువనా?" అన్నది.

లోపల నొప్పి లేదు. నీళ్ల అడుగున పడుకొని పైన వెలుగును చూస్తున్నట్టుంది. పచ్చగా, నీలంగా, ఎర్రగా రంగులు కదిలి కదిలి ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. ఎవరో "అయిపోయింది అవ్వా" అన్నారు. కన్ను కట్టి మంచం మీద పడుకోబెట్టారు. కుడి కంటికి కిటికీ వెలుగు తప్ప ఏమీ తెలియదు. నాకంతా చీకటే. అత్త రోజులు ఇట్లానే ఉండేవా అనుకొని, ఆ కట్టు కింద ఏడ్చాను. ఏడవొద్దన్నారు, అయినా ఏడ్చాను.

ఇప్పుడు నువ్వు చివర అడిగిన దానికి జవాబు. పెత్రమాస అయ్యాక రాసి, బియ్యమిచ్చావా అని అడిగావు. ఇవ్వలేదు. ఆకు వేయలేదు. పటం ముందు ఒక్క గారె పెట్టలేదు. మన పెండ్లయినప్పటి నుంచి ఎన్నడూ తప్పని పని ఈసారి తప్పించాను. నీ తల్లి కదా, నీకు కోపం రావాలి. రానీ. నేను మాట పడతాను. కానీ ఆ మధ్యాహ్నం సంగతి విన్నాక కోప్పడు.

గ్రేసమ్మ పొద్దుటి నుంచి ఏమీ తినలేదు. తోడు వచ్చినవాళ్లకు అక్కడ తిండి పెట్టరు. నా డబ్బా ఆమె ఒళ్లోనే ఉంది, మూత తీయలేదు. పెద్దలకు పెట్టింది చర్చివాళ్లు తినరు. ఇన్నేళ్ల పక్కిల్లు, ప్రతి పెత్రమాసకూ నేను గారెలు తీసుకుపోవడం, ఆమె తలుపు దగ్గరే వద్దనడం. మనసులో నొచ్చుకునేదాన్ని. ఆ పొద్దు మంచం మీది నుంచి చెయ్యి చాచి డబ్బా తడిమి, "తిను గ్రేసమ్మా. ఇది ఎవ్వలకు పెట్టలే. నీ ముంగటనే తెచ్చిన," అన్నాను.

తర్వాత మూత తీసిన చప్పుడు, గారె విరిగిన చప్పుడు. ఎంతో నెమ్మదిగా తిన్నది. నేను ఆ చప్పుడు వింటూ పడుకున్నాను. అప్పుడే సిస్టర్ చుక్కలమందు వేయడానికి వచ్చి మంచం పక్కన నిలబడింది. పేరు పెట్టి పిలిస్తే పట్టుబడతాం కదా. అందుకని, "అత్తా, తిన్నవా?" అని అడిగాను.

"తిన్న బిడ్డా," అన్నది. "గారెలు మంచిగున్నయి. కడుపు నిండింది. నువ్వు పరేషాన్ గాకు, పండుకో."

సిస్టర్ ఎప్పుడో వెళ్లిపోయింది. ఆమె మాత్రం నా తల మీద పెట్టిన చెయ్యి తీయలేదు. నీ ఉత్తరం చదివింది ఆమే, నువ్వేం రాశావో ఆమెకు తెలుసు. అది గ్రేసమ్మ గొంతని నాకూ తెలుసు. చీకట్లో ఉన్నా అంత తెలివి ఉంది నాకు. కానీ అత్త పోయాక ఇన్నేళ్లకు అత్తా అని పిలిస్తే పలికారు. ఆకలి లేదని చెప్పారు. నేను హాయిగా నిద్రపోయాను.

ఇట్లు,
మీ అమ్మ కోడలు
శంకరమ్మ