బిందె బారికి చేరింది

బారి, ఇటలీ, నవంబరు 1

స్తామెన్,

క్షేమంగా దిగాను. మన పిల్ల రాలిత్స బాగుంది, నిన్ను అడిగింది.

సోఫియా నుంచి ఇక్కడికి విమానంలో గంటంబావు పట్టింది. నీ చెల్లెల్ని వర్నాకు ఇచ్చినప్పుడు బస్సులో ఏడు గంటలు కూర్చున్నాం. అప్పుడు దూరమని నువ్వు ఒక్క మాట అనలేదు. కిలోమీటర్లలో వర్నా కంటే వంద ఎక్కువే, ఒప్పుకుంటాను. పిల్ల ఇటలీవాణ్ణి చేసుకోవడం నీకు ఇష్టం లేదు. ఆ మాట అనలేక దూరం అంటున్నావు.

"నా గడప మీద నీళ్లబిందె తన్నకుండా వెళ్లేది నా ఇంటి పెళ్లికూతురే కాదు" అన్నావు. అందుకే మా అమ్మ రాగిబిందె వెంట తెచ్చాను. సోఫియా విమానాశ్రయంలో తనిఖీ చేసే అమ్మాయి, "నీళ్లుంటే ఇక్కడే పారబోయాలి పిన్నీ" అంది.

"పారబోసేది నువ్వు కాదమ్మా, నా కూతురు" అన్నాను.

"అయితే గట్టిగా తన్నమనండి. నేను తంతే బోర్లపడలేదని మా అత్త ఇప్పటికీ దెప్పుతుంది" అని నవ్వి వదిలేసింది.

పీపాలో ఊరేసిన క్యాబేజీ ఉప్పునీళ్లు రోజు విడిచి రోజు కలియబెడుతున్నావా? అటక కిటికీ మూశావా?

పెళ్లి పదహారున. పద్నాలుగో తేదీ విమానానికి నీ టికెట్ పక్కింటి దోనా దగ్గర ఉంది. నల్లకోటు ఇస్త్రీ చేసి బీరువాలో పెట్టాను. వచ్చి పిల్లను చెయ్యిపట్టుకుని నడిపించు. రాకపోతే నేనే నడిపిస్తాను. తండ్రి ఏడని వియ్యాలవారు అడిగితే, జబ్బు చేసిందని మాత్రం చెప్పను.

అత్తమ్మ చేతికి నా తరఫున ముద్దు పెట్టు.

వెలికా